కాటుకకొండ తాగిన నది

పింగళ రాజ్యానికి ఉత్తరపు సరిహద్దున, గడ్డిపోచ మొలవని ఎర్రమైదానం నడుమ, కాటుకకొండ ఒంటరిగా నిలబడి ఉంది. దూరం నుంచి చూసేవాళ్ళకు అది కాళ్ళు ముడుచుకుని పడుకున్న దున్నపోతులా కనిపిస్తుంది. దగ్గరికి పోతే ఆ దున్న ఒళ్ళంతా చెమట. బండల సందుల్లోంచి నల్లని నేలనూనె జిడ్డుగా కారి, కింద మడుగులు కట్టి, ఎండకు నెమలికంఠపు రంగులు తిరుగుతూ ఉంటుంది. శిఖరాన తాటిచెట్టంత మంట. ముప్పై ఏళ్ళుగా వానకూ గాలికీ వంగని ఆ మంటను అఖండజ్వాల అంటారు. అది ఆరిన నాడు రాజ్యం ఆరిపోతుందని రాజధానిలో పిల్లలకు ఉగ్గుపాలతోనే నేర్పుతారు.

ఆ ఉదయం కొండకోట వాకిట ఒక రెండు గుర్రాల బండి వచ్చి ఆగింది. పసుపు తలపాగా, మెడలో ఇత్తడి ముద్ర, చేతిలో వెండి గరిటె. దిగినవాణ్ణి చూసి కావలివాళ్ళు దారి విడిచారు. శంఖద్వీపం నుంచి వచ్చిన నూనె పరీక్షకుడనుకున్నారు. నిజానికి ఆ పరీక్షకుడు రెండామడల అవతల సత్రంలో, తాగిన కల్లు దిగక గడ్డివాములో గుర్రు పెడుతున్నాడు. అతని తలపాగా, పొడుగు అంగరఖా, ముద్ర తగిలించుకుని, బండిలోని దుప్పటి భుజాన వేసుకుని, అతని బండిలోనే వచ్చినవాడు బయ్యన. ఏడుతూముల కాలువకు నీరుగంటి. అంటే ఏ పొలానికి ఏ పూట ఎంత నీరు వదలాలో చూసి తూములెత్తేవాడు. పన్నెండేళ్ళుగా ఎత్తడానికి ఆ తూముల వెనక చుక్క నీరు లేదు.

బయ్యన కోపం కూడా పన్నెండేళ్ళనాటిదే. ఒక్క రోజు కూడా చల్లారలేదు.

ముప్పై ఏళ్ళ కిందట ఈ కొండలో నేలనూనె పడింది. ఓడల దివిటీలకు, యుద్ధాల్లో నిప్పుబాణాలకు, ద్వీపాల కొలుములకు ఆ నూనె కావలసి వచ్చింది. శంఖద్వీపపు ఓడలు నూనె నింపుకుని, బదులుగా బియ్యం, పట్టు, కత్తులు, ఆ కత్తులు పట్టే పరదేశి సైనికులను కూడా దింపి పోయేవి. మణికేతు మహారాజు ఆ ఏడే పన్నులన్నీ ఎత్తివేశాడు. జనం ఆయన్ను ఏనుగు మీద ఊరేగించారు. పన్నుతో పాటు పంటసభ కూడా పోయిందని ఆ సంబరంలో ఎవరికీ తోచలేదు. అంతకుముందు ప్రతి ఏడూ కోతలయ్యాక రాజు రైతుల ఎదుట చాప మీద కూర్చుని, నిరుటి పన్నుతో ఏ చెరువు బాగు చేయించాడో, ఏ దారి వేయించాడో చెప్పి, ఆ తరవాతే కొత్త పన్ను అడగవలసి వచ్చేది. రైతులు నిలదీసేవాళ్ళు. ఒక్కోసారి ఇవ్వం పొమ్మనేవాళ్ళు. నూనె వచ్చాక రాజుకు ఎవరి ఎదుటా కూర్చోవలసిన పని లేకపోయింది.

ఓడబియ్యం ఊరూరా ఊరకే పంచారు. ఊరకే వచ్చే బియ్యం ముందు పండించిన ధాన్యం ఎవరు కొంటారు? నాగళ్ళు అటకెక్కాయి. మగ్గాలు వంటచెరకయ్యాయి. ఆపైన ఒక వేసవిలో నీలవేణి నది వారం తిరిగేలోగా మాయమైంది. జనం రాజు మీద నోరు పారేసుకున్న పాపానికి నది అలిగి పాతాళానికి పోయిందని మంత్రి ధూమకేశుడు చాటింపు వేయించాడు. ధూమకేశుడు మాంత్రికుడు. నేలనూనె తన మంత్రానికి కట్టుబడి పైకి వస్తోందని, తాను అలిగితే అదీ ఆగిపోతుందని రాజును నమ్మించినవాడు.

బయ్యన తండ్రి ముత్తయ్య ఆ చాటింపు నమ్మలేదు. రాజధాని దాకా నడిచిపోయి, కోటవాకిట నిలబడి, నది ఏమైందో చెప్పమన్నాడు. పన్ను కట్టనివాడికి అడిగే హక్కెక్కడిదని ద్వారపాలకుడు నవ్వాడు. ముత్తయ్య కదలలేదు. పరదేశి సైనికులు ఆయన రెండు కాళ్ళూ విరగ్గొట్టి, ఊరికి పోయే బండిలో పడేశారు. ఆరు నెలలు మంచం మీద ఉండి, ఓడబియ్యం మెతుకు ముట్టకుండా, కందమూలాలు తిని పోయాడాయన. ఇప్పుడు మూడు నెలలుగా ఓడలూ రావడం లేదు. రాజ్యంలో బియ్యం లేదు, పండించుకుందామంటే నీరు లేదు. నది ఎక్కడికి పోయిందో తేల్చుకోవడానికే బయ్యన కాటుకకొండకు వచ్చాడు.

వాకిట్లో పరదేశి సేనాని వజ్రదంతుడు ఎదురొచ్చాడు. ముందరి పళ్ళకు బంగారు తొడుగులు వేయించుకున్న భారీ మనిషి. అతనికి అనుమానం రానే వచ్చింది. పరీక్షకుడు ఇంత నల్లగా ఉంటాడా, చేతులు ఇంత కాయలు కాచి ఉంటాయా? పక్కనున్న పీపాలోంచి ఒక చిప్పెడు నూనె ముంచి, ఇక్కడే పరీక్ష చెయ్యమని చిప్ప చేతికిచ్చాడు. నలుగురు సైనికులు కత్తిపిడుల మీద చేతులు వేసి చుట్టూ చేరారు.

బయ్యనకు నూనె సంగతి ఏమీ తెలియదు. తెలిసిందల్లా నీరు. చిప్పను ఎండకెత్తి, కాస్త వంచి, అరచేతిలో పోసుకుని, బొటనవేలితో నలిపాడు. వేలి కింద జిడ్డుతో పాటు మరొకటి జారింది. చల్లగా, పలచగా, ఎక్కడో బాగా ఎరిగినట్టు. నూనె పక్కకు తీసి ఆ తడిని నాలుక మీద పెట్టుకున్నాడు. పైనున్న జిడ్డుచేదు దాటాక, అడుగున తియ్యగా, కాస్త జేగురుమట్టి వాసనతో తగిలింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తాగిన నీలవేణి నీళ్ళు అవి.

ఒళ్ళంతా ఒక్కసారి వేడెక్కింది. చిప్ప తిరిగి వజ్రదంతుడి చేతిలో పెట్టాడు.

“సగం నీళ్ళే ఉన్నాయి” అన్నాడు. “ఈ నీళ్ళ నూనె కోసమా మా ఓడలు రావాలి?”

వజ్రదంతుడి ముఖం పాలిపోయింది. ఓడలు రాకపోవడానికి కారణం అదేనని అతనికీ తెలుసు. కొండ లోపలి బావులు చూసి ద్వీపానికి మంచి మాట రాయమని బతిమాలినట్టే చెప్పి, తలుపులు తెరిపించి, తాను బయటే నిలిచిపోయాడు. కొండ లోపలికి ధూమకేశుడు తప్ప సైనికులెవరూ పోరు. లోపల నిప్పుపాములున్నాయి.

లోపలి దారి పొగచూరిన వంటింటి గోడలా నల్లగా ఉంది. శిఖరపు చిమ్నీ సందుల్లోంచి పడే ఎర్రని వెలుగులో బయ్యన నడిచాడు. నడిచేకొద్దీ హోరు. అది నూనె హోరు కాదు. కళ్ళు మూసుకున్నా పోల్చుకోగలిగిన హోరు. మలుపు తిరిగేసరికి కొండ కడుపంతా తొలిచిన పెద్ద గుహ, అందులోకి తూర్పు గోడలోని సొరంగం గుండా నురగలు కక్కుతూ వచ్చి పడుతున్న నది. నీలవేణి. మొత్తం నది. పచ్చని పొలాల మీదుగా పోవలసిన నీరంతా గుహ నడుమ నోరు తెరిచిన పాతాళపు గోతిలోకి విరుచుకుపడుతోంది.

బయ్యనకు విషయం ఒక్క చూపులో అర్థమైంది. కొండలో నూనె అడుగంటింది. అడుగున మిగిలిన జిడ్డును పైకి తేలించడానికి, ముంతలో నూనె పైకి రావడానికి నీళ్ళు పోసినట్టు, నదిని తెచ్చి కొండలో పోస్తున్నారు. మంత్రం లేదు, తంత్రం లేదు. లక్షమంది తాగే నీరు, పన్నెండేళ్ళుగా ఒక చచ్చిన కొండ గొంతులో. జనానికి పాపమంటగట్టారు. ముత్తయ్య కాళ్ళు విరిచారు. బయ్యన పిడికిలి బిగించి గోడను గుద్దాడు. వేళ్ళ కణుపులు చిట్లి రక్తం వచ్చినా నొప్పి తెలియలేదు.

“ఎవరది?” అని పైనుంచి ఒక గొంతు వినిపించింది.

తలెత్తి చూశాడు. గోతి మీద గొలుసుకు వేలాడుతున్న ఇనుప బోనులో ఒక యువతి. పట్టుచీర మసిబారి ఉంది, పెదవులు ఎండి పగిలాయి. తాను మణికేతు మహారాజు కూతురు మైళమనని, ఓడలు ఎందుకు రావడం లేదో తెలుసుకుందామని వస్తే మూడు రోజులుగా ధూమకేశుడు ఇక్కడ బంధించి ఉంచాడని, కూతురి ప్రాణం అడ్డం పెట్టుకుని తన తండ్రి నోరు కట్టేశాడని చెప్పింది.

రాజు కూతురు అన్న మాట వినగానే బయ్యన వెనక్కి తిరిగాడు. నాలుగడుగులు వేశాడు కూడా. ఆమె పిలవలేదు. బతిమాలలేదు. ఆ మౌనమే అతన్ని ఆపింది.

“మా నాయన మీ వాకిట్లో ఒక్క మాట అడిగాడు” అన్నాడు వెనక్కి చూడకుండానే. “దానికి కాళ్ళు విరగ్గొట్టారు. మీకు తెలుసా?”

“తెలియదు. మా ఇంట్లో ఎవరూ ఏదీ అడగరు. అందరికీ అన్నీ వస్తుంటే అడిగేదేముందనుకున్నాం.”

“బియ్యం వచ్చాయి, నిజమే. కోళ్ళగంప కిందికీ గింజలు వస్తాయి యువరాణీ. మాతో పని లేకుండా చేసుకున్నారు మీరు. పన్ను అడిగితే మేమూ తిరిగి అడుగుతామని, మా పంటే మీకు అక్కర్లేకుండా చేసుకున్నారు.”

ఆమె బోను ఊచలు పట్టుకుని ముందుకు వంగింది. తరవాత, తనను విడిపించకపోయినా సరే, ఆ నదిని మాత్రం ఆపగలడేమో చూడమంది. గోతి అవతలి గట్టున ఒక పెద్ద ఇనుప తలుపు సొరంగం నోటి మీద పైకెత్తి ఉందని, దాన్ని ఒక గుండురాయి బరువు నిలబెడుతోందని, బోనులోంచి తాను చూసింది చూసినట్టు చెప్పింది. బయ్యన ఆ తలుపు వైపు చూశాడు. అది మందమైన తూము తలుపే. గుండు కట్టిన లావుపాటి మోకుతాడు తెగితే తలుపు పడుతుంది. సొరంగం మూసుకుంటే నది వెనక్కి ఎగదన్ని, పాత గట్టు పొర్లి, తన కాలువ దారి తాను వెతుక్కుంటుంది.

బోను గొలుసు చుట్టిన మర గోడకుంటే దాన్ని పట్టుకుని, తూము దించినంత నింపాదిగా తిప్పి, బోనును గట్టు మీదికి లాగి దించాడు. కొలిమిసుత్తి ఒకటి దొరికితే దానితో గొళ్ళెం పగలగొట్టాడు. మైళమ బయటికి వచ్చి, గోడ పట్టుకుని నిలబడి, ముందుగా వంగి దోసిలితో నది నీళ్ళు తాగింది.

అవతలి గట్టుకు పోయేది ఒకటే సన్నని రాతిదారి. దాని మీద నిప్పుపాములు. బండ పగుళ్ళలోంచి నీలంగా, పసుపుగా బుస్సున లేచి, పడగ విప్పి, మనిషి ఒంటి వేడి తగలగానే అటు తిరిగి నాలుకలు చాస్తున్నాయి. బయ్యన ఒక అడుగు వేయగానే తలపాగా కొస అంటుకుంది. చప్పున తీసి నీళ్ళలో పారేశాడు.

“ఆగు” అంది మైళమ. “ధూమకేశుడు రోజూ ఈ దారినే పోతాడు. పెదవులు కదుపుతాడు, చేతులు తిప్పుతాడు. మంత్రమనుకున్నాను. మూడో రోజు కళ్ళప్పగించి చూశాను. ముందుగా కంబళి నదిలో ముంచుకుంటాడు, అంతే.”

ఇద్దరూ నీళ్ళలోకి దిగి నిలువెల్లా తడిశారు. పరీక్షకుడి అంగరఖా ముంచి ఆమె మీద కప్పి, భుజాన ఉన్న బండి దుప్పటి తడిపి తాను చుట్టుకుని, బయ్యన ముందు నడిచాడు. పాములు లేచాయి. చెంపకు చెంప రాసుకున్నంత దగ్గరగా వచ్చి, తడి తగిలి చుర్రుమని ముడుచుకుపోయాయి. ఆవిరి కళ్ళు కప్పేసింది. కాలి కింద రాయి కాలుతోంది. ఒక పాము మైళమ కొంగు కొస నుంచి పాకుతుంటే ఆమె తన చేత్తోనే పట్టి నలిపేసింది. అరిచేయి కాలింది. బయ్యన అది చూశాడు. అక్కడి నుంచి ఆమె రెండో చెయ్యి పట్టుకునే నడిచాడు.

గుండురాయి దగ్గరికి చేరేసరికి దాని పక్కన గట్టు మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు.

సన్నని ఒళ్ళు. తలమీద జుట్టుకు బదులు పొగ. ఆ పొగ పాయలు పాయలుగా లేచి, గుహ కప్పులోని చిమ్నీ దాకా పోయి, పైనున్న అఖండజ్వాలతో కలిసిపోయింది. జ్వాల ఊగితే అతని కళ్ళూ ఊగుతున్నాయి. ధూమకేశుడు వేలు కదిపేసరికి వెనక ఉన్న దారిలోని పాములన్నీ ఒకటై, ఏనుగు తొండమంత లావై, బయ్యన చుట్టూ గిర్రున తిరిగి నిలిచాయి.

కోపంగా మాట్లాడలేదతను. జాలిపడుతున్నట్టు మాట్లాడాడు.

“నీరుగంటివా? చేతులు చూస్తేనే తెలుస్తోంది. ఈ మోకు తెంచుతావు, సరే. రేపు మీ ఊరికి అన్నం ఎవరు పెడతారు? ముప్పై ఏళ్ళు నేను పెట్టాను. మీ ఊళ్ళో పాతికేళ్ళ వాడొక్కడు నాగలి పట్టగలడా? విత్తనం పోల్చగలడా? మీ చేతులు నేనెప్పుడో కొనేశాను. నీళ్ళు తీసుకుపోయి ఏం చేసుకుంటావు?”

ఆ మాట బయ్యనకు సూటిగా తగిలింది, ఎందుకంటే అది నిజం. ఊళ్ళో నాగలి పట్టగల వాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కుర్రవాళ్ళు రచ్చబండ మీద కూర్చుని ఓడ ఎప్పుడొస్తుందని ఎదురుచూడటం తప్ప మరొకటి ఎరగరు. వాళ్ళ మీద కూడా ఇన్నాళ్ళూ విసుక్కున్నాడతను. ఇప్పుడా విసుగంతా దానికి అసలు హక్కుదారైన వాడి మీదికి మళ్ళింది.

“ఏం చేసుకుంటామో మేం చూసుకుంటాం” అన్నాడు. “ముందు మా నది మాకు కావాలి.”

అంటూనే చుట్టుకున్న తడిదుప్పటి తీసి నిప్పుతొండం మీద విసిరి, ఆవిరి లేచిన ఆ ఒక్క క్షణంలో కింది నుంచి దూరి, చేతిలో మిగిలిన కొలిమిసుత్తితో మోకు మీద కొట్టాడు. నూనెలో నానిన మోకు తెగలేదు. ధూమకేశుడి పొగపాయ ఒకటి గొంతుకు చుట్టుకుంది. ఊపిరాడలేదు, కళ్ళు చీకట్లు కమ్మాయి. మళ్ళీ కొట్టాడు. మైళమ వెనక నుంచి ఉరికి, పగుల్లో వెలుగుతున్న ఒక చిన్న నిప్పుపామును తడికొంగుతో పట్టి, తీసుకొచ్చి మోకుకు అంటించింది. నూనె మోకు భగ్గుమంది. పోగులు పటపట విడిపోయాయి.

గుండు గోతిలో పడింది. తలుపు దిగింది. కొండ అదిరింది.

సొరంగం మూసుకోగానే గుహలో హోరు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో గోతి అడుగు నుంచి ఒక గుటక లాంటి చప్పుడు వచ్చింది. గుంజిన నూనె పైకి రాక జారిపోతున్న చప్పుడు అది. శిఖరాన అఖండజ్వాల ఒక్కసారి ఆకాశమంత ఎత్తు లేచి, దగ్గినట్టు ఊగి, ఆరిపోయింది. ధూమకేశుడి తలమీది పొగ విడిపోయింది. దాని కింద నున్నని బట్టతల, ముడతలు పడ్డ ముఖం, భయపడ్డ ఒక ముసలివాడు. బయ్యన సుత్తి ఎత్తేలోగా ఆ ముసలివాడు గబ్బిలమై, చిమ్నీ సందులోంచి టపటప కొట్టుకుంటూ దక్షిణంగా, రాజధాని వైపు ఎగిరిపోయాడు.

వాళ్ళిద్దరూ బయటికి వచ్చేసరికి కోట కలగుండు పడినట్టుంది. ఆరిన శిఖరం వైపు చూస్తూ సైనికులు గుంపులు కూడారు. గోడ చాటున నిలబడి బయ్యన, మైళమ వజ్రదంతుడి మాటలు విన్నారు. ఇన్నాళ్ళూ తమకు కూడు పెట్టింది ఈ కొండని, రాజు కాదని, కొండ చచ్చింది కాబట్టి రాజుకు కావలి కాయవలసిన పని ఇక లేదని, రాజధాని ఖజానా మాత్రం ఇంకా చావలేదని అతను నవ్వుతూ చెప్పాడు. సాయంత్రానికి నగరం చేరాలన్నాడు. సైనికులు కత్తులు ఎత్తి కేకలు వేశారు. తండ్రి ముప్పై ఏళ్ళు పోషించిన సైన్యం తండ్రి మీదికే జీను బిగించడం మైళమ చూస్తూ నిలబడిపోయింది.

“వీళ్ళు గుర్రాలకు దాణా పెట్టుకుని బయలుదేరాలి. మన గుర్రాలు సిద్ధంగా ఉన్నాయి. వీళ్ళకంటే ముందే నగరం చేరొచ్చు” అని బయ్యన ఆమె భుజం తట్టాడు. పరీక్షకుడి బండికి గుర్రాలను కట్టిన పట్టీలు కోసి, చెరో గుర్రం ఎక్కి, అడ్డదారిన కాలువగట్టు పట్టారు.

ఎండ నడినెత్తికి వచ్చింది. వెనక, కొండ తూర్పు భుజం మీదుగా, నది పాత గట్టు పొర్లి కాలువలో పడటం బయ్యన కళ్ళారా చూశాడు. పన్నెండేళ్ళు ఎండిన కాలువ మొదట నీటిని తాగుతుంది, తాగి తాగి కాని ముందుకు వదలదు. అందుకే గుర్రాలు నీటికంటే ముందున్నాయి. ఇంకెంత దూరమైనా గట్టు మీదే పోయి, నీరు తన ఊరి తూములు తాకడం చూడాలనిపించింది. అప్పటిదాకా అతని మనసు తేలికగానే ఉంది.

ఏనుగులరేవు దగ్గర కాలువ వంపు తిరుగుతుంది. అక్కడే రాజమార్గం ఒక చెక్కవంతెన మీదుగా కాలువ దాటుతుంది. వంపు తిరిగి చూసిన బయ్యన గుర్రాన్ని ఒడుపుగా ఆపలేక ముందుకు తూలాడు.

కాలువ నిండా గుడిసెలు. గట్టున కాదు, కాలువ అడుగునే. నది ఎండిపోయాక నూనె తవ్వకాలకు పల్లెలు ఖాళీ చేయించినప్పుడు, ఎటూ పోలేని వాళ్ళు, గాలి తగలని ఈ పల్లంలో తాటాకులు కప్పుకున్నారు. మూడు వందల గడప ఉంటుంది. పొయ్యిల మీద ఏవో దుంపలు ఉడుకుతున్నాయి. చంటిపిల్లలు ఇసకలో ఆడుతున్నారు. అడవిదారిన వచ్చిన బయ్యనకు ఈ వాడ సంగతి తెలియదు. తెలుసుకోవాలని అనుకోనూ లేదు. నదిని విడిపించే ఆవేశంలో, కింద ఎవరున్నారని ఎవరినీ అడగలేదు.

ధూమకేశుడి మీది కోపం ఒక్కసారిగా తన మీదికే తిరిగింది. గుర్రం దిగి, గట్టు జారి, పరిగెత్తాడు. నీళ్ళొస్తున్నాయి, పైకి పొమ్మన్నాడు. జనం పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. పదిహేనేళ్ళ వాళ్ళకు ఇది కాలువ అనే సంగతే గుర్తులేదు. మైళమ తాను రాజు కూతురినని, ఇది రాజాజ్ఞ అని కేక వేస్తే ఎవరో రాయి విసిరారు. అది ఆమె కనుబొమ మీద తగిలి రక్తం కారింది. మా పల్లె కూల్చిన రోజూ ఇలాగే చెప్పారని ఒకడు కర్ర తీసుకుని మీదికొచ్చాడు.

బయ్యన నిలబడ్డాడు. ఊపిరి తీసుకున్నాడు. తూము ఎత్తే ముందు నీరుగంటి వేసే కేక ఒకటుంది. పొలాల్లో వంగి పని చేసేవాళ్ళు, కాలువలో గొడ్లు కడిగేవాళ్ళు అది విని గట్టెక్కేవాళ్ళు. పన్నెండేళ్ళుగా వేయని ఆ కేకను, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, కడుపులోంచి తీశాడు.

“ఓహోయ్... గంగమ్మ కదిలిందోయ్... గట్టెక్కండోయ్...”

గుడిసెల నడుమ కుండలో గరిటె తిప్పుతున్న ఒక ముసలామె తల ఎత్తింది. ఆమె పేరు ఎల్లక్క. గరిటె జారవిడిచి, ఒక పిల్లను చంకనేసుకుని, అదే కేక తన కీచుగొంతుతో అందుకుంది. అవతల ఇంకో ముసలివాడు అందుకున్నాడు. పెద్దవాళ్ళు నడవడం చూసి పిన్నవాళ్ళు పరిగెత్తారు. మంచాలు, మేకలు, పసిబిడ్డలు, అన్నీ నగరం వైపు గట్టెక్కాయి. మైళమ నెత్తుటి ముఖంతోనే మంచం పట్టిన ఒకామెను వీపున వేసుకుని మోసింది. కర్ర ఎత్తినవాడే కిందికి దిగి ఆమెకు చెయ్యి అందించాడు.

నీరు ఎర్రగా, ముందు ఆకులూ పుల్లలూ తోసుకుంటూ వచ్చింది. గుడిసెలను పిచ్చుకగూళ్ళలా ఎత్తుకుపోయింది. ఇళ్ళు పోయాయని కొందరు ఏడుస్తున్నారు. నీళ్ళొచ్చాయని కొందరు ఏడుస్తున్నారు. ఎల్లక్క మాత్రం బయ్యన ఎదుటికొచ్చి, ముందు చెప్పి వదలడానికి నోరు రాలేదా అని గట్టిగా అడిగింది. అతను చేతులు కట్టుకుని, తప్పు నాదేనన్నాడు. ఆమె వదలలేదు. ఈ ఇళ్ళు ఎవరు కట్టిస్తారంది. బయ్యన నేను కట్టిస్తానన్నాడు. మైళమ, నేనూ కడతానంది. ఎల్లక్క ఇద్దరి ముఖాలూ చూసి, అందరూ వినేలా మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది.

అప్పుడే రాజమార్గాన దుమ్ము లేచింది. వజ్రదంతుడి దండు. పొద్దుటిదాకా అయితే ఎండిన కాలువను ఎక్కడైనా దాటిపోయేవాళ్ళు. ఇప్పుడు నిండుగా పోతున్న నీటి మీద ఒకటే వంతెన. అవతలి కొసన గుర్రం ఆపి, సేనాని ఇవతల గుమికూడిన జనాన్ని చూశాడు. మధ్యలో నిలబడ్డ పరీక్షకుణ్ణి గుర్తుపట్టి పళ్ళికిలించాడు.

“మీకు రాజు చేసిందేముంది, అడ్డం రావడానికి?” అన్నాడు జనంతో. “దారివ్వండి. ఖజానాలోంచి తెచ్చే సొమ్ములో మీకూ ఇంత పడేస్తాం. మీరు ఊరకే తినడం అలవాటైనవాళ్ళే కదా.”

జనంలో కదలిక పుట్టింది. వాళ్ళ కడుపులు ఖాళీ. ఇళ్ళు ఇప్పుడే నీటిలో పోయాయి. రాజు మీద వాళ్ళకు ప్రేమ లేదు. బయ్యన ఒక్కొక్కరి ముఖమే చూశాడు. మైళమ తలవంచుకుని నిలబడింది.

ఎల్లక్క చంకలో పిల్లను పక్కనున్నామెకు అందించింది. గట్టున పడేసిన సామాన్లలో వెతికి ఒక గునపం లాగింది. కొంగు నడుముకు దోపి, తడబడే కాళ్ళతో వంతెన మీదికి నడిచి, మొదటి పలక సందున గునపం మొన దిగేసింది.

“ఎవడు రమ్మన్నాడురా నిన్ను” అంది.

కర్రవాడు ఆమె పక్కన చేరాడు. ఇంకో నలుగురు చేరారు. బయ్యన గునపం మీద ఆమె చేతుల పక్కన తన చేతులు వేసి ఒళ్ళంతా మోపాడు. పలక కిర్రుమని లేచింది. అవతల వజ్రదంతుడు కత్తి దూసి గుర్రాన్ని వంతెన మీదికి ఉరికించాడు. ఇవతల వాళ్ళు వెనక్కి జరగలేదు, రెండో పలక సందున గునపం దించారు.